ఫ్యూజు ఉండాల్సిన చోట

కోడలు జీపు బానెట్ ఎత్తి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో బ్యాటరీ కొసల మీద పట్టిన తెల్లటి పొడిని తుడుస్తోంది. చూడ్డానికి ఉప్పులా ఉంటుంది, వేలికి అంటితే చురుక్కుమంటుంది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ మొలుస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో మామగారు ఆమెకు అప్పగించిన మొదటి పని ఇదే.

"వంట మీ అత్తయ్య దగ్గర నేర్చుకో, ఇది నా దగ్గర నేర్చుకో. వంట పాడైతే ఒకపూట పస్తుంటాం. ఇది పాడైతే కొండ మీద నక్కలతో కలిసి పడుకోవాలి" అన్నారు అప్పట్లో.

రోజూ ఆగి ఉన్న జీపు దగ్గర చేసే పని ఇది. ఇవాళ మాత్రం ఇంజను నడుస్తూనే ఉంది. బానెట్ కింద ఉన్నవన్నీ వణుకుతున్నాయి, ఆమె చేతితో సహా.

గాలివానకు కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. ముందుగదిలో మంచం పక్కన ఉన్న ఆక్సిజన్ మిషన్ కరెంటు లేకుండా నడవదు. ఆ మిషన్ లేకుండా మామగారికి గడవదు. జీపు తోలినన్నాళ్లూ కొండదారుల దుమ్మంతా పీల్చిన ఊపిరితిత్తులు ఇప్పుడు సొంతంగా గాలి లాగలేకపోతున్నాయి. అందుకే ఆమె భర్త జీపును తెచ్చి, ముక్కు గోడకు ఆనేలా కిటికీ కింద నిలబెట్టాడు. పొగగొట్టం వీధి వైపు ఉంది. బ్యాటరీ నుంచి బొటనవేలంత లావున్న ఎర్ర వైరు ఒకటి బయల్దేరి, ఇనపరేకులోని రంధ్రం గుండా జీపు లోపలికి వెళ్తుంది. అక్కడ సీటు కింద ఇన్వర్టరు ఉంది. దాన్నుంచి మామూలు వైరు కిటికీ ఊచల మధ్యగా గదిలోకి వస్తుంది. ఇంజను ఆగితే బ్యాటరీ ఎంతోసేపు మొయ్యలేదు. బ్యాటరీ పడుకుంటే మిషన్ పడుకుంటుంది. ఆ తర్వాతి మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్దామంటే వాగు మీది వంతెన కూలిపోయింది. ఎంత కొండలెక్కే బండైనా మనిషి మునిగే నీళ్లలోకి దిగలేదు కదా. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు నిన్ననే ఖాళీ అయింది. తెల్లవారగానే భర్త వాగుకు ఎగువనున్న కాలిబాట వంతెన మీదుగా పట్నానికి నడుచుకుంటూ వెళ్లాడు. నిండు సిలిండరు ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఆశ.

"అమ్మాయ్, నా సవతికి స్నానం అయిందా?" అత్తగారు కిటికీలోంచి అడిగింది. జీపును ఆవిడ ఎప్పుడూ పేరు పెట్టి గానీ జీపు అని గానీ అనలేదు. సవతి అనే అంటుంది.

"అవుతోంది అత్తయ్యా."

"కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. నాకు జ్వరమొస్తే మాత్ర, దానికి తుమ్మొస్తే మెకానిక్కు."

మంచం మీద మామగారు దుప్పటి మీంచి చూపుడువేలు కొంచెం ఎత్తి దించారు. మాట్లాడే ఓపిక లేనప్పుడు ఆయన నవ్వు అదే.

అప్పుడు కోడలి ముక్కుకు వాసన తగిలింది. రబ్బరు కాలుతున్న వాసన.

"పొయ్యి మీద ఏమన్నా పెట్టారా అత్తయ్యా?"

"పొయ్యి వెలిగిస్తేగా."

ఆమె గుడ్డ పక్కన పడేసి ఎర్ర వైరు మీద చెయ్యి వేసింది. జ్వరమొచ్చిన పసిపిల్ల మెడలా వెచ్చగా తగిలింది. వేళ్లతో తడుముతూ రేకు దాకా వెళ్లింది. రేకులోని రంధ్రం చుట్టూ నల్లటి రబ్బరు రింగు ఉండాలి, వైరు రేకు అంచుకు కోసుకోకుండా. వేలు పెట్టగానే ఆ రబ్బరు జావలా వేలికి అంటుకుని వచ్చేసింది. వంగి చూసింది. వైరు మీది ఎర్ర తొడుగు ఒకపక్క చీరుకుపోయి, లోపల రాగి మెరుస్తోంది. ఇంజను వణికినప్పుడల్లా ఆ రాగి రేకు అంచు దాకా వెళ్లి వెనక్కి వస్తోంది. ఆమె చూస్తుండగానే ఒకసారి చిటుక్కుమని చిన్న నిప్పు రాలింది. అక్కడికి బెత్తెడు దూరంలో డీజిలు పైపు ఉంది.

ఇలాంటప్పుడు ఫ్యూజు పోవాలి. మామగారు దాన్ని చూపించి చెప్పారు: ఏదన్నా తేడా వస్తే ముందు ఇది తెగిపోతుంది, నిప్పు అక్కడితో ఆగుతుంది. మరి ఎందుకు పోలేదు? వైరు మొదట్లో, బ్యాటరీ పక్కనే ఉన్న చిన్న డబ్బా మూత తీసింది. ఫ్యూజు లేదు. దాని చోట రాగితీగను మెలిపెట్టి, మూడు నాలుగు మడతలు వేసి, రెండు నట్లకీ బిగించి ఉంది.

నిన్న సాయంత్రం రెండుసార్లు ఫ్యూజు పోయింది. రెండుసార్లూ మిషన్ ఆగిపోయింది. రెండోసారి మామగారి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. భర్త పరుగున వెళ్లి బాగుచేసి వచ్చాడు. ఆ తర్వాత ఇక పోలేదు. ఇక పర్వాలేదని అంతా గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నారు. ఎందుకు పోలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఈ తీగ ఇక దేనికీ తెగదు. ముందు వైరు కాలుతుంది, వైరు పక్కన పైపు, పైపు పక్కన కిటికీ.

ఇన్వర్టరు ఆపితే మామగారు. ఆపకపోతే ఇల్లు. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. చుట్టుపక్కల వాళ్లంతా గాలివానకు ముందే గట్టున ఉన్న బడిలోకి సర్దుకున్నారు. వీళ్లే, మంచాన్ని కదిలించలేక ఉండిపోయారు.

తీగ సంగతి ఇప్పుడే చెప్పి ఆయన్ని కంగారు పెట్టకూడదనుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అంది. "మామయ్యగారూ, ఎర్ర వైరు ఒలిచిపోయింది. రేకు రంధ్రం దగ్గర."

ఆయన కళ్లు తెరిచారు. "రబ్బరు?"

"జావైపోయింది."

ఆయన మెల్లగా తల తిప్పి భార్య వైపు చూశారు. ఊపిరి కూడదీసుకున్నారు. "డీజిలు... గుడ్డ."

అత్తగారికి మెరవనిదేదైనా మురికే. తలుపు బందుల నుంచి జీపు టైర్ల దాకా అన్నింటినీ డీజిలులో తడిపిన గుడ్డతో తుడిచి తళతళలాడించేది. బానెట్ కింద రబ్బర్లూ ఆ చేతికి తప్పించుకోలేదు.

"ఏం, శుభ్రంగా ఉంచడం కూడా తప్పేనా?" అంది ఆవిడ.

"రబ్బరుకి... డీజిలు... విషం."

"ఇన్నేళ్లు కాపరం చేసి ఆ ముక్క ఇవాళా చెప్పేది?" అని, కోడలి మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో, లేచి నిలబడింది. "ఏం చెయ్యాలి?"

మామగారు ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి ఖర్చు పెట్టి చెప్పారు. "చెక్క... ఇనుము వద్దు. ఎడంగా పట్టండి. మధ్యలో... రబ్బరు." కాసేపు ఆగి, కోడలి చేతుల వైపు చూపించారు. "గాజులు."

ఆమె లోహపు గాజులూ ఉంగరమూ తీసి గూట్లో పెట్టింది. వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చింది. పెరట్లో కుళాయికి తగిలించిన నీళ్ల పైపును అత్తగారు కత్తిపీటతో కోసుకొచ్చింది. దాన్ని నిలువునా చీల్చి వైరు మీద తొడగాలని చూస్తే, పైపు లావుగా ఉంది, రంధ్రంలో దూరలేదు. కోడలు దాన్ని లాగేసింది. మళ్లీ ఒక నిప్పు రాలింది. ఈసారి అత్తగారు కూడా చూసింది.

"ఓరి నాయనో" అని గొణిగింది ఆవిడ.

"పల్చటి రబ్బరు కావాలి అత్తయ్యా."

"సైకిలు ట్యూబు ఉంది. వసారాలో కట్టెలమోపుకి కట్టాను."

ఆవిడ మోకాళ్ల నొప్పి మర్చిపోయి వెళ్లింది. ఆవిడ వచ్చేదాకా కోడలు చెక్క గరిటెను వైరుకూ రేకు అంచుకూ మధ్య దూర్చి, వైరును ఎడంగా నెట్టి పట్టుకుని నిలబడింది. ఒక్క జానెడు దూరంలో ఫ్యాను రెక్కలు తిరుగుతున్నాయి. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది, జడ మెడచుట్టూ తిప్పుకుంది. గదిలో మిషన్ బుస్సు బుస్సుమంటోంది. ఆ చప్పుడు వింటూ, దానికి తగ్గట్టు తనూ ఊపిరి పీలుస్తున్నట్టు కాసేపటికి గమనించింది.

అత్తగారు ట్యూబును పొడుగాటి పట్టీలుగా కోసి తెచ్చింది. "నువ్వు చుట్టు. గరిటె నాకియ్యి."

"కదలకూడదు అత్తయ్యా. కదిలితే అంటుకుంటుంది."

"జన్మంతా అట్లకాడ పట్టుకున్న చెయ్యి ఇది. పట్టుకోవడం నాకు చెబుతావా."

అంటూనే ఆవిడ రెండో చేత్తో మణికట్టును అదిమి పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది సవతీ, కాసేపు ఊరుకో" అంటోంది ఇంజనుతో, చిన్నపిల్లను బుజ్జగించినట్టు. కోడలు రాగి కనిపిస్తున్న చోటును వేళ్లకు తగలనివ్వకుండా, ట్యూబు పట్టీని పక్క నుంచి మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి పడేలా బిగించి చుట్టింది. గరిటె కాడతో రంధ్రంలోకి నెట్టి, అటువైపు నుంచి లాగి, మళ్లీ చుట్టింది. రేకుకు రెండువైపులా నీళ్ల పైపు ముక్కలు తొడిగింది. వైరు ఊగకుండా, పాత దుప్పటి అంచు చింపి బానెట్ కిందున్న ఇనప ఊచకు కట్టేసింది. ఆఖరికి అత్తగారు గరిటె బయటికి తీసింది. ఇద్దరూ వంగి చూస్తూ ఉండిపోయారు. ఇంజను వణికింది. వైరు వణకలేదు. నిప్పు రాలలేదు.

"అయినట్టేనా?" అంది అత్తగారు.

కోడలు తీగ ఉన్న డబ్బా వైపు చూసింది.

భర్త వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. భుజం మీద డీజిలు డబ్బా ఉంది. సిలిండరు లేదు. మోకాళ్ల దాకా బురద.

"సిలిండర్ల లారీ సాయంత్రానికి వస్తుందట. వస్తే మొదటిది మనకే ఇస్తానన్నాడు షాపువాడు. కరెంటు సంగతి అడిగితే స్తంభాలు లెక్కపెట్టుకోమన్నాడు లైన్‌మాను" అంటూ డబ్బా దించి, ఎత్తి ఉన్న బానెట్ చూశాడు. నీళ్ల పైపు చూశాడు. "దీన్నెవరు ముట్టుకున్నారు?"

"నేనే. వైరు ఒలిచిపోయి రేకుకు రాసుకుంటోంది. నిప్పులు రాలాయి" అంది భార్య. "ఏవండీ, ఫ్యూజు చోట తీగ పెట్టారు."

అతను కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా."

"తీసెయ్యండి."

"రెండుసార్లు పోయింది. రెండుసార్లూ నాన్న మొహం చూశావుగా. ఇంక ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే ఏం పెట్టమంటావు, నా వేలు పెట్టనా?"

"వైరు రాసుకుంది కాబట్టి పోయిందండీ. ఇప్పుడు రాసుకోవట్లేదు."

"ఇంకెక్కడా ఒలిచి లేదని నీకు తెలుసా?"

ఆమె వైరు పొడుగునా చూసింది. "తెలీదు" అంది.

"మరి?"

కిటికీ ఊచ మీద టకటకమని చప్పుడైంది. మామగారు చెంచాతో కొడుతున్నారు. జీపుకూ మంచానికీ మధ్య ఉన్నది ఒక గోడే. ఆయనకు ఊపిరి తక్కువగానీ చెవులు కాదు.

"ఏం పెట్టావు?"

కొడుకు డీజిలు డబ్బాను గోడ పక్కకి జరిపాడు.

"ఏం పెట్టావురా?"

"తీగ నాన్నా."

ఫ్యూజు చోట తీగ పెట్టాడని ఒక మెకానిక్కును వీధి చివరిదాకా చెప్పు పుచ్చుకుని తరిమిన మనిషి ఆయన. ఆ తర్వాత ఆ మెకానిక్కు ఈ వీధి మీదుగా వెళ్లాల్సివస్తే చుట్టు తిరిగి వెళ్లేవాడని అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఇప్పుడు ఆవిడ నవ్వలేదు.

"తియ్యి" అన్నారు మామగారు.

"తియ్యను నాన్నా."

"ఫ్యూజు పోతే... నేనొక్కణ్ణి. ఇల్లంటుకుంటే... మీ అమ్మ... ఆ పిల్ల..." మిగతాది ఊపిరి చాలక ఆగిపోయింది.

"ఒక్కడివేనని నువ్వెలా అంటావు?" కొడుకు కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "నిన్ననే రెండుసార్లు పోయావు నువ్వు. మళ్లీ చూడమంటావా? నా వల్ల కాదు."

మామగారు అతన్ని చూస్తూనే ముక్కు దగ్గరి ట్యూబును తీసేసి, గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటను దుప్పటి కింద దాచుకున్నారు.

అత్తగారు మంచం మీద పడినంత పని చేసింది. వేళ్లు విడదీయబోయింది. ఊపిరి లేని మనిషికి పిడికిలిలో అంత బలం ఎక్కడిదో. "ఏమండీ, మీ మొండితనం బండి మీద చూపించారు, నా మీద చూపించారు. ఇప్పుడు ఊపిరి మీద కూడానా? పెట్టుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను, పెట్టుకోండి." ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కళ్లు మాత్రం కొడుకు మీంచి కదల్లేదు.

"తీస్తాను" అన్నాడు కొడుకు. "పెట్టుకో నాన్నా. తీస్తున్నాను. నువ్వు పెట్టుకుంటేగానీ నా చెయ్యి ఆడదు."

అప్పుడు గుప్పిట వదులైంది.

అతను జీపులోని పనిముట్ల డబ్బాలోంచి మిగిలిన ఆ ఒక్క ఫ్యూజు తీశాడు. ఇంజను ఆపలేదు, ఆపితే ఈ తడిలో మళ్లీ అందుకుంటుందో లేదో. ఇన్వర్టరు మీట ఆపగానే గదిలో మిషన్ కీచుమని ఒకటే మోత మొదలుపెట్టింది. ఊపిరి ఇవ్వలేక అది చేసే గోల అది. ఆ మోత వింటూ పని చెయ్యాలి.

మొదటి నట్టు వచ్చింది. రెండోది వచ్చింది. తీగ లాగి పారేశాడు. ఫ్యూజు పెట్టి మొదటి నట్టు బిగించాడు. రెండో నట్టు అతని తడి వేళ్లలోంచి జారి, ఎక్కడో ఇనుముకు తగిలి టింగుమని, కింద బురదలో పడిపోయింది.

అతను అలా నిలబడిపోయాడు. ఆ మొహం చూస్తే భార్యకు భయమేసింది. అరిచి ఉంటే బాగుండేది.

ఆమె నేల మీద పడుకుని జీపు కిందికి పాకింది. పైన ఇంజను, వీపు కింద నీళ్లు. బురదలో రెండు చేతులూ పెట్టి పిసికింది. రాయి. ఇంకో రాయి. పుల్ల. పైన గదిలో మిషన్ మోతకు అడ్డంగా అత్తగారి గొంతు వినిపిస్తోంది. "నన్ను చూడండి. అటు కాదు, నన్ను. లాగండి. ఇంకొకటి. ఇంకొక్కటి లాగండి." ఆ గొంతులో తిట్టూ లేదు, ఎగతాళీ లేదు. ఆవిడ అలా మాట్లాడగా కోడలు ఎప్పుడూ వినలేదు. వింటూ తడిమింది. కంకర. మళ్లీ రాయి. కళ్లలో మట్టి పడింది, తుడుచుకోలేదు. చక్రం పక్కన గుంటలో, బురద కింద, ఆరు పలకలది ఏదో వేలికి తగిలింది.

"ఇదిగోండి" అని చెయ్యి పైకి పెట్టింది.

అతను దాన్ని నోట్లో వేసుకుని బురద చీకి ఉమ్మేసి, బిగించాడు. ఇన్వర్టరు మీట వేశాడు. లోపల కీచుమోత ఆగింది. ఒక్క క్షణం గదిలో ఏ చప్పుడూ లేదు. తర్వాత మిషన్ బుస్సుమంది.

ఆమె జీపు కింది నుంచి వచ్చి ముందు కిటికీలోకి చూసింది. మామగారి తల అత్తగారి చేతిలో ఉంది. పెదవులు నల్లగా ఉన్నాయి. మిషన్ బుస్సుమన్నప్పుడల్లా ఆయన ముక్కుపుటాలు కొంచెంగా కదులుతున్నాయి. చాలాసేపటికి ఆ నలుపు కొంచెం కొంచెంగా విరిగింది. ఆయన కళ్లు తెరవలేదు. వేలు కూడా ఎత్తలేదు. అత్తగారు ఆయన నుదుటి మీది చెమట కొంగుతో తుడుస్తూ ఉంది.

భార్యాభర్తలు ఇద్దరూ ఫ్యూజునే చూస్తూ నిలబడ్డారు. సన్నటి పట్టీ, గోరంత వెడల్పు. ఇప్పుడు తెగుతుందా, ఇంకాసేపట్లో తెగుతుందా. ఇంకెక్కడన్నా ఒలిచి ఉంటే అది చెప్పేది ఈ పట్టీయే, చెప్పాక ఇక దీని చోట పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. ఆమె ఎర్ర వైరు మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగానే ఉంది. ఇందాకటంత కాదు. కాదో, తన చేతికే బురద చల్లదనం పట్టిందో.

"తెగలేదు" అంది.

"ఇప్పటికి" అన్నాడు అతను.

డీజిలు పోసి మూత బిగించాడు. లోపలికి వచ్చాడు. తల్లి గ్లాసులో నీళ్లిస్తే తీసుకుని, తాగకుండా గూట్లో పెట్టాడు. తండ్రి కాళ్ల మీంచి జారిన దుప్పటిని పైకి లాగి, పాదాల చుట్టూ దోపాడు. ఆయన పాదం అతని చేతికి తగిలి కొంచెం కదిలింది. అతను ఆ చెయ్యి అక్కడే ఉంచి కాసేపు కూర్చున్నాడు. ఆయన కళ్లు తెరిస్తే ఏదో చెప్పాలని ఉన్నట్టు పెదవులు తడుపుకున్నాడు. ఆయన తెరవలేదు.

భార్య వసారాలోంచి ఎత్తుపీట తెచ్చుకుని, బానెట్ పక్కన వేసుకుని కూర్చుంది. ఒక చేత్తో చెక్క గరిటె పట్టుకుంది, రెండో చెయ్యి వైరు మీద ఉంచింది. వేడి పెరిగితే ముందు తనకే తెలియాలి.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను బురద ఆరని చెప్పులు వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. అతను భార్యను చూశాడు, ఆమె చేతి కింద ఉన్న వైరును చూశాడు. తర్వాత మెట్లు దిగి, లారీ వచ్చేసరికి పట్నంలో ఉండాలన్నట్టు వాగు వైపు గబగబా నడిచి, మలుపు దగ్గర పరుగందుకున్నాడు.